చావడం రాని వేదసాక్షి

మా కృపానందం గారికి చావడం రాదు.

అంటే, స్టేజీ మీద. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాక ఆయన నా నెత్తిన పడ్డారు. పి.గన్నవరం పక్కన మా ఊరి చర్చి పండుగకు ఏటా నాటకం వేయించేది నేనే. ఏ పునీతుడి కథ తీసుకున్నా, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చే వేదసాక్షి వేషం ఆయనదే. హింసలన్నీ ఓపిగ్గా పడతారు. ప్రాణం మాత్రం వదలరు.

మొదటి ఏడు పునీత లారెన్స్ కథ. రోమా సైనికులు ఆయన్ని ఇనప చట్రం మీద పడుకోబెట్టి కాలుస్తారు. "ఈ పక్క కాలింది, రెండో పక్కకి తిప్పండి" అని ఆ మహానుభావుడు ఒక్కసారి అన్నాడట. ఈయన ఏడుసార్లు తిప్పించుకున్నారు. ఎనిమిదోసారి సైనికుడు "నావల్ల కాదండి, నడుం పట్టేసింది" అని స్టేజీ మీదే కూలబడ్డాడు.

"ఇదేంటండీ?" అని నేను మండిపడితే, "చరిత్రలో ఉందండి, ఆయ్" అన్నారు.

తిప్పడానికి వీల్లేకుండా మరుసటేడు తల నరికే కథ వెతికాను. పునీత డెనిస్. నరికారు. ఈయన అట్టతో చేసిన తల చేత్తో పట్టుకుని లేచి, ఇరవై నిమిషాలు ప్రసంగించారు.

"తల తెగాక మాటలేంటండీ!"

"తన తల తనే పట్టుకుని ప్రసంగిస్తా నడిచేరంటండి. చరిత్రలో ఉందండి, ఆయ్."

ఇంటికెళ్ళి పుస్తకం తిరగేశాను. నిజంగానే ఉంది. ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు పునీత సెబాస్టియన్. స్తంభానికి కట్టి బాణాలు వేస్తారు. "మైకుసెట్టు ఎనిమిదింటికి పెళ్ళికి వెళ్ళాలి. మీరు ఏడున్నరకల్లా చచ్చిపోవాలి" అని ముందే చెప్పాను.

"తమరు చెప్పేక ఇంకేవుందండి, ఆయ్" అన్నారు వినయంగా.

వేదసాక్షి పోయాక కిరీటం తెచ్చే దేవదూత జాస్మిన్, మూడో తరగతి పిల్ల. వాళ్ళమ్మ సలోమి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఊరికొచ్చి మూడేళ్ళయింది. పని తెమిలాక వీడియో కాల్ చేసి, కూతుర్ని రెక్కలతో చూస్తానంది. ఏడున్నరయినా ఫోను రాలేదు. జాస్మిన్ తెర పక్కన నుంచుని నా చొక్కా లాగింది.

"మాస్టారండీ, అమ్మ చేసిందాండీ?"

ముందు వరసలో వాళ్ళ అమ్మమ్మ వీరాయమ్మ ఒళ్ళో ఫోను నల్లగా ఉంది.

"నాటకం ఆగదమ్మా" అన్నాను. అన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

స్టేజీ మీద సైనికుడి వేషంలో అభిలాష్ కొబ్బరీనెల బాణాలు వేస్తున్నాడు.

"ఇంకోటెయ్యి బాబూ, విశ్వాసం గట్టిపడతంది!" అంటున్నారు కృపానందం గారు. బాణాలు అయిపోయాయి. "ఏరుకొచ్చి మళ్ళీ వెయ్యండి!" అన్నారు. జనం ఈలలు వేశారు. నేను చేతులు జోడించి, "చావండి మహాప్రభో!" అన్నాను.

"సెబాస్టియన్ గారు బాణాలకి చావలేదండి! చరిత్రలో ఉంది!" అని మైకులోనే జవాబు.

ఏడూ యాభైకి ముందు వరసలో వెలుగు కనపడింది. వీరాయమ్మ ఫోను పైకెత్తి పట్టుకుంది. అందులో సలోమి ముఖం. "ఓరీ చక్రవర్తీ, నీ సైన్యం..." అంటున్న కృపానందం గారు మాట మధ్యలోనే గుటుక్కుమన్నారు. కట్లతో సహా కిందికి జారిపోయారు. ఆ చావు ఏ చరిత్రలోనూ లేదు.

జాస్మిన్ పరిగెత్తుకెళ్ళి ఆయన తలకి కిరీటం తగిలించి, ఫోనుకేసి రెండు చేతులూ ఊపింది. సలోమి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

ఆయన రంగు కడుక్కుంటుంటే దగ్గరకెళ్ళాను.

"మరి లారెన్స్ అప్పుడో?"

"ఆ రోజు దేవదూత మన ఆకాష్ కదండీ. ఆళ్ళ నాన్నగారు ఎక్కిన బస్సు కొత్తపేటలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు కండక్టర్నండి. పరిగెత్తుకొచ్చేవాళ్ళని వదిలేసి రైట్ చెప్పడం నాకు రాదండి."

ఆయన తడి చెయ్యి పట్టుకున్నాను.

"డెనిస్ అప్పుడు ఆ ఇరవై నిమిషాలూ ఎవరి కోసమండీ?"

కృపానందం గారు సిగ్గుపడిపోయారు.

"అది మాత్రం నా సరదా అండి, ఆయ్."