మెక్సికో కజ్జికాయలు

ఆ రోజుల్లో మా భిలాయిలో ఇనుముకి తప్ప అన్నిటికీ కొరతే. నాకైతే మాటలకీ కొరతే. ఇంటికెవరొచ్చినా పుస్తకం వెనక దాక్కునేదాన్ని. మనుషులతో చెప్పాల్సినవన్నీ డైరీతో చెప్పుకునేదాన్ని (అది ఎదురు ప్రశ్నలు వెయ్యదు కదా). అలాంటి నేను క్లబ్బు లైబ్రరీలో ఓ అమెరికా పత్రిక తిరగేస్తూ "పార్టీలకు అతి సులువైన చిరుతిండి" అన్న మాట నమ్మేశాను. పేరు క్వెసడిల్లా, మెక్సికో వాళ్లదట. (పైకి పలకాల్సిన పని లేనందుకు సంతోషించాను.) రొట్టెలో కైమా, చీజు పెట్టి మడిచి కాల్చడమే. పావుగంట పని!

నమ్మే అవసరమూ ఉంది. ఉక్కు మిల్లులో నాన్నకి ఫోర్‌మన్ పని ఇవ్వాలా వద్దా అన్నది పెద్దసాబ్ చేతిలో ఉంది. ఆయన్నీ, మేమ్‌సాబ్‌నీ, తోటి పనివాళ్లనీ నాన్న ఆదివారం సాయంత్రం మా సెక్టర్ 6 క్వార్టర్‌కి పిలిచాడు. సాబ్ దంపతులు గుడ్డు పేరెత్తితేనే చెవులు మూసుకునే శాకాహారులు. వాళ్లకి వేరే పళ్లెంలో అరటికాయ బజ్జీలు, మిగతావాళ్లకి నా మెక్సికో.

ఆ సులువు ఏపాటిదంటే, చీజు దొరకలేదు. దాని బదులు ఉడికించిన బంగాళాదుంప. శ్రీకాకుళం నుంచి వచ్చి అన్నం తప్ప ఎరగని ఇల్లు మాది కనక నా రొట్టెలు ఒక్కొక్కటీ ఒక్కో దేశపటం. మడవబోతే కైమా కాస్తా బొగ్గుల సిగిడీలో పడి పొగ లేచింది.

"ఏటే ఇది! కైమా బొగ్గులకి తినిపిస్తన్నావా? లే అవతలకి!" అంటూ అమ్మ అటక మీంచి కజ్జికాయల చెక్క దింపింది.

"పత్రికలో చెక్క లేదమ్మా."

"ఆళ్లకి లేదు కాబట్టే మడుస్తన్నారు."

అంతర్జాతీయ సమస్య అలా తేలిపోయింది. కాసేపట్లో అంచులు ముద్దుగా నొక్కుకుని, నూనెలో దోరగా వేగిన నిఖార్సయిన కజ్జికాయలు పళ్లేనికెక్కాయి. మెక్సికో లోపలెక్కడో ఉంది.

అతిథులొచ్చారు. అమ్మ వంటింట్లో టీ కాస్తోంది, నాన్న కుర్చీలు సర్దుతున్నాడు, పళ్లేల పక్కన నేనొక్కదాన్నే. ప్రతి దీపావళికీ మేం పంపే కొబ్బరి కజ్జికాయల్ని "నారియల్‌వి" అంటూ మెచ్చుకునే మేమ్‌సాబ్, బజ్జీల వంకైనా చూడకుండా "అరే వాహ్, కజ్జికాయ!" అంటూ అవతలి పళ్లెంలోంచి ఒకటి తీసింది. అది నోట్లోకి వెళితే ఆవిడ నియమమూ పోతుంది, నాన్న ఫోర్‌మన్ పనీ పోతుంది.

"రుకియే ఆంటీజీ! అందులో మాంసం! మటన్ హై!"

ఆ అరుపు నాదేనని తెలియడానికి నాకే కాస్త సమయం పట్టింది. మేమ్‌సాబ్ చేతిలోది కిందపడింది. "బచా లియా బేటీ!" అని, కాపాడినందుకు నా చెయ్యి పట్టుకుంది. ఆ తరవాత మెల్లగా భర్త వైపు తిరిగింది. మేమూ తిరిగాం. సాబ్ బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. కుడిచేతిలో సగం కజ్జికాయ, ఎడమచేతిలో ఇంకోటి.

"ఆప్ క్యా ఖా రహే హైఁ?" ఏం తింటున్నారని నిలదీసింది.

ఆయన తొందరపడలేదు. నమిలాడు. మింగాడు. "నారియల్" అన్నాడు.

మిల్లువాళ్లందరూ ఎంతో భక్తితో తమ పళ్లేల్లోకి చూసుకున్నారు.

నాన్నకి ఫోర్‌మన్ పని వచ్చింది. తన పనితనం చూసి ఇచ్చారని నాన్న నమ్మకం, అప్పన్న స్వామి దయ అని అమ్మ నమ్మకం. మేమ్‌సాబ్ పుట్టింటికెళ్లిన వారం సాబ్ నాన్నని పక్కకి పిలిచి, "ఆ నారియల్‌వి మళ్లీ ఎప్పుడు?" అని అడిగాడట. నాకూ ఓ నమ్మకం ఉంది కానీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లో, నోటిదాకా వచ్చిన మాటని టీతో పాటు మింగేసినప్పుడల్లా, పిండి చేతులతో నిండు గదిలో అంత గట్టిగా అరిచిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత ధైర్యం దానికి! కాస్త అసూయగా కూడా ఉంటుంది.