పడసాలకు ఆ కొస, ఈ కొస

మా ముత్తాతది ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు. మా తాత వచ్చి కూర్చుంటే గాని పత్తి బజారులో ధర తెగేది కాదు. ఎంతమంది అతిథులు వచ్చినా ఇంటి ముందరి పెద్ద సావడి, మా పడసాలలో ఒకే పంక్తిలో భోజనం. వచ్చినవాళ్ళను ఒంటరిగా తిననివ్వకూడదు, ఇంటి పెద్ద వాళ్ళతోపాటు కూర్చోవాలి. ఇప్పుడు ఆ పెద్దను నేను.

ఎమ్మిగనూరులో ఉండే మా అక్కకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశాక, మిగిలిన క్యాన్సర్ కణాలను చంపడానికి రేడియో అయోడిన్ మింగించారు.

"మొదట్లో స్కానింగుకు ఎక్కించిన మందులో రేడియేషన్ ఆరు గంటల్లో సగమైపోతుంది. చూసుకోవడానికి అది చాలు," అన్నారు డాక్టరు. "ఇది లోపలుండి పని చేయాలి. సగం కావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. చాలా భాగం ఒంట్లోంచి ముందే పోతుంది గాని, కొన్ని వారాలు గర్భిణులకు దూరంగా ఉండాలి."

అక్క కోడలు కడుపుతో ఉంది. వాళ్ళది రెండు గదుల ఇల్లు. మా పడసాలను, పాత కట్టడాలు పడగొట్టి రాయి, కలప అమ్ముకునే ఒక సాయిబుకు అమ్ముతానని అప్పటికే మాట ఇచ్చి ఉన్నాను. అయినా అక్కను అక్కడికే తీసుకొచ్చాను.

ఆమె విస్తరి ఆ కొసన, నాది ఈ కొసన. ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు సరిగా పెగిలేది కాదు. ఏదైనా కావాలంటే చెంబు మీద గరిటెతో కొట్టేది.

"ఇదేం పంక్తిరా, నువ్వు ఆదోనిలో, నేను ఎమ్మిగనూర్లో," అన్నది ఒకరోజు బొంగురుగా.

"ఒకే పడసాల కదక్కా. తిను."

అప్పుడే కొలతలకు వచ్చినాడు పడసాల కొనే సాయిబు. మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగినాడు.

"ఏమప్పా, అక్కాతమ్ముళ్ళు కొట్లాడినారా?"

ఇంటి కష్టం బయట చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. కానీ చెప్పకపోతే అక్కకు చోటు ఉండదు. చెప్పినాను. కోడలి సంగతీ చెప్పినాను.

అతను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఆయమ్మ ఊరికి పోయినాక కొల్సుకుంటా. అంతవరకు పడసాల యాడికి పోతాదప్పా?"

గడువు నిండిందని డాక్టరు చెప్పినాకే అక్క ఎమ్మిగనూరు బస్సు ఎక్కింది. తర్వాత అక్కకు మనవరాలు పుట్టింది, తల్లీ బిడ్డా కులాసా.

పడసాల ఆ సాయిబుకే అమ్మాను. రాతి స్తంభాలు, టేకు దూలాలు ఆ ధరలోనే పోయాయి.