కాగే నీళ్లలో తోడు

అక్టోబరు 14, 1984. ఆదివారం కూడా ఎమ్మిగనూరు నుంచి పశువుల ఆఫీసరు మా ఊరికి రావడమే మొదటి వింత. రాబోయే ఎండాకాలానికి మా ఎద్దులకున్న మేతంతా పాతరలో వేసిన రెండు బండ్ల సుబాబుల్ ఆకే. అది కుళ్లకుండా పులియడానికి ఆయన సూక్ష్మజీవుల పొడి తెచ్చాడు. శుభ్రత పేరుతో దాన్ని సలసల కాగే బెల్లం నీళ్లలో కలిపి ఆకు మీద పోయించాడు.

"కాగే పాలల్లో తోడేస్తే పెరుగైతాదా సార్?" అంది మా అవ్వ.

"ఇది సైన్సమ్మా, నీకు తెలీదు."

"పెరుగు తెల్సులే నాయనా."

అజ్ఞానానికి ఇస్త్రీ చొక్కా తొడిగితే అచ్చం ఆయనలాగే ఉంటుంది. ఇలాంటివాళ్లు మీ ఊళ్లకూ వస్తుంటే చెప్పండి.

పొడిలోని జీవాలు ఉడికి చచ్చినా, పులియడానికి కావాల్సిన బెల్లం ఎలాగూ పడింది. రేపు తెల్లవారగానే అవ్వ దాచిన కుండెడు పుల్లమజ్జిగ నేనే ఆకు మీద చల్లి, తొక్కి, పాతర మూసేస్తాను.