సెలూనాయన క్షమాపణలు

మా వీధి సెలూనాయన చెయ్యి చాలా మంచిది. ఆయన జుట్టు కత్తిరిస్తే నెల్లాళ్లు దువ్వెనతో పని ఉండదనేవాళ్లు. తాగినప్పుడు మాత్రం ఆ చెయ్యి ఆయన మాట కూడా వినేది కాదు. అలా వినని ఒకరోజు రొట్టెల కొట్టాయనకు గడ్డం గీస్తూ గీస్తూ పైకి పోయి, ఎడమ కనుబొమ్మ నున్నగా లేపేశాడు. ఆ రొట్టెలాయన పరాయివాడు కాదు, సెలూనాయన భార్యకు స్వయానా అన్న. కనుబొమ్మ మళ్లీ మొలిచేదాకా ఆయన మొహంలో సగం కోపంగానూ, సగం ఏమీ పట్టనట్టుగానూ ఉండేది.

దాంతో భార్య కత్తులన్నీ కొట్లో ఉన్న బీరువాలో పెట్టి తాళం వేసింది. కొట్టు తనే నడపడం మొదలుపెట్టింది.

"నీ చేతిలో దెబ్బతిన్నవాళ్లలో ఒక్కరు తమంతట తాము వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలి. అప్పుడే నీకు కత్తి. అందాకా చీపురు పట్టుకో."

చీపురు పట్టుకున్న మనిషి చివరికి తాగుడు మానేవాళ్ల కూటానికి వెళ్లాడు. అక్కడ కౌన్సెలింగ్ చేసే అమ్మ ఎదుట అందరూ గుండ్రంగా కుర్చీలు వేసుకుని ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. మానడానికి పన్నెండు మెట్లు ఉంటాయట. ఇతరుల మాట గది దాటకూడదని నియమం. తన మాట తాను చెప్పుకోవచ్చు కదా. అందుకని ఆయన తిరిగివచ్చే వేళకు నేను మా గుమ్మంలోనే ఉండేదాన్ని.

"మందు ముందు ఓడిపోయానని ఒప్పుకోవడం మొదటి మెట్టు పిన్నీ. అది తేలిగ్గానే అయింది. తర్వాత, మనకంటే పెద్ద శక్తి ఒకటుందని నమ్మాలన్నారు. ఉందండీ, మా ఇంట్లోనే ఉంది, బీరువా తాళం కూడా ఆవిడ దగ్గరే ఉంది అన్నాను."

"దానికి కౌన్సెలింగ్ అమ్మ ఏమంది?"

"పెద్ద శక్తంటే మీ ఆవిడ కాదయ్యా అంది. మీరు మా ఆవిణ్ణి చూడలేదండీ అన్నాను."

చిక్కంతా తొమ్మిదో మెట్టు దగ్గర వచ్చింది. మనం బాధపెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి తప్పు సరిదిద్దుకోవాలి. చెప్పడం వల్ల వాళ్లకు కొత్త బాధ పుట్టేటట్టయితే మాత్రం చెప్పకూడదు. ఈయన మొదటి సగం విని లేచి వచ్చేశాడు.

రోజూ పొద్దున్నే రొట్టెల కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. "బావా, నన్ను క్షమించు."

"రొట్టె కొంటావా? కొనకపోతే పక్కకు జరుగు. వెనకాల జనం ఉన్నారు."

అక్కడ పని కాకపోయేసరికి లెక్కల మాస్టారి మీద పడ్డాడు.

"మాస్టారూ, కిందటి చలికాలం మీ తల వెనక అరచెయ్యంత మేర గుండు గీసేశాను. కనబడకుండా బూటు పాలిష్ పూసి పంపించాను. క్షమించండి."

మాస్టారికి అంతవరకూ ఆ సంగతే తెలియదు. తను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పిల్లలు ఎందుకు నవ్వేవారో అప్పుడు అర్థమైంది పాపం.

"లెక్క తప్పు చేశాననుకుని చెరిపి చెరిపి రాశానయ్యా," అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ వీపు చూపించకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ ఇంట్లోకి వెళ్లిపోయాడు.

విషయం విని కౌన్సెలింగ్ అమ్మ తలపట్టుకుంది.

"నీ గుండె బరువు దింపి ఆయన నెత్తిన పెట్టి వచ్చావు. దాన్ని క్షమాపణ అనరు, అప్పగింత అంటారు. ఇక అడగడం ఆపు. తాగకుండా ఉండు, నేల శుభ్రంగా ఊడువు. మన్నించడం, మానడం వాళ్ల ఇష్టం."

ఆపేశాడు. ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. రాలిన వెంట్రుకలు రాలినట్టే ఊడుస్తూ కూర్చున్నాడు.

కొన్నాళ్లకు ఒంటినిండా పిండితో రొట్టెలాయన సెలూన్లోకి వచ్చాడు. నేను పనిమీదే అక్కడ ఉన్నాను.

"ఏమోయ్, రావడం మానేశావు? మళ్లీ మొదలెట్టావా?"

"లేదు బావా. అడగొద్దన్నారు."

"మరి నాకెలా తెలుస్తుంది? రోజూ దగ్గరికి వస్తే వాసన చూసి, పర్లేదులే అనుకుని పొయ్యి దగ్గరికి పోయేవాణ్ణి. నీ గురించి ఆలోచిస్తూ ఇవాళ పెనం నిండా రొట్టెలు మాడ్చుకున్నాను."

అంటూనే కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

భార్య బీరువా తాళం తీసింది. సెలూనాయన నురగ రాసి, కత్తి అందుకుని, ఆగిపోయాడు.

"నా చెయ్యి వణుకుతోంది. మందు కాదు. భయం," అన్నాడు.

"ఆగేదాకా ఆగు," అంది ఆవిడ.

నురగ ఆరిపోయింది. మళ్లీ రాశాడు. అదీ ఆరిపోయింది. నేను బల్ల లాక్కుని సర్దుకు కూర్చున్నాను. ఇంకోసారి రాసేసరికి చెయ్యి కుదురుకుంది.

"బావా, మొదలెట్టనా?"

"కొట్టు మూసే వచ్చాను. నిదానంగా కానియ్," అన్నాడు రొట్టెలాయన, కళ్లు మూసుకుని.