బావ మూగ ఆటలు

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, అరాద్ దగ్గర బండిలోంచి సామాన్ దించుతుంటే ఎవరో ఫోన్‌కు ఒక వీడియో పంపారు. తెరిస్తే మా బావ, ఎన్నో ఏళ్ల కిందటి ఆట. భుజం మీద షట్టరింగ్ పలకతో నడుస్తూ, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి ఫోర్‌మన్ టోపీ ఎగరగొడతాడు; దాన్ని తీయబోయి ఇంకొకడి చాయ్ గ్లాసు. ఒక్క మాట ఉండదు. ఆ తర్వాత ఎంత డ్రైవింగ్ చేసినా నా మనసు కుదురుకోలేదు.

బావ అంటే మా అక్క భర్త, జగిత్యాల వైపు మనిషి. తుబ్లీ లేబర్ క్యాంపులో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆయన స్థిమితంగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం తింటున్నా కాలు ఆడుతూనే ఉండేది. చుట్టూ నేపాలీలు, బెంగాలీలు, మలయాళీలు. బావకు తెలుగు తప్ప ఏదీ సరిగా రాదు. పప్పు నీళ్లలా ఉందని కేరళ వంటాయనకు చెప్పడానికి ఓ రోజు లుంగీ ఎగగట్టి మెస్సు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గాల్లోనే ఈత కొట్టాడు. వంటాయన నవ్వలేక కింద కూలబడ్డాడు. మర్నాడు పప్పు చిక్కబడింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం క్యాంపు ముందు బావ ఆట. నేపాలీ దోస్తు ఒకడు ఫోన్లో తీసి నెట్‌లో పెడితే జిదాఫ్స్ ఊరి దుకాణాల్లో కూడా ఆయన్ను గుర్తుపట్టేవారు.

చివరికి హైదరాబాద్ నుంచి ఒక టీవీ కామెడీ కార్యక్రమం వాళ్లు రమ్మన్నారు.

"ఉన్న డ్యూటీ ఇడిసిపెట్టి పోతవా బావా?"

"ఈడ మనసు నిలుస్తలేదురా. ఒక్కసారి పోయి చూస్త."

వెళ్లాడు. కొద్ది నెలలకే కొత్త వీసా మీద అదే క్యాంపుకు తిరిగొచ్చాడు. "నడిచి చూపిస్త అంటే, గీ కాయితం సదువు అన్నరు," అన్నాడు. కెమెరా ముందు గొంతు పెగల్లేదట. నవ్వింది ఒక్క మేకప్ మనిషే, అదీ జాలిగా.

ఆ శుక్రవారం అందరూ ఆట కోసం చేరారు. బావ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కాలు కూడా కదల్లేదు. అది కొత్త ఆట అనుకుని జనం పగలబడి నవ్వారు. నేను మాత్రం ఆయన దగ్గరకు వెళ్లాను.

"నేనేం చేస్తలేను గదరా, ఎందుకు నవ్వుతుండ్రు?" అన్నాడు మెల్లగా.

"నువ్వు కదలకుంట కూసుంటే వీళ్లకు గట్లనే నవ్వొస్తది బావా."

బావ వాళ్ల వైపు తిరిగాడు. ఎవరో పక్కకు నెడుతున్నట్టు బెంచీ అంచుకు జరిగి, జరిగి, దబ్బున కింద పడ్డాడు. తర్వాత లేచి, ఫోన్లు పట్టుకున్నవాళ్ల వైపు చెయ్యి చాపి, లోపల పెట్టుకొమ్మని సైగ చేశాడు. మోకాళ్లు అరిగి ఊరికి వెళ్లిపోయేదాకా ఒక్క శుక్రవారం ఆట మానలేదు, ఒక్కటీ తీయనివ్వలేదు. అందుకే ఆయన ఆటల్లో మంచివి ఏ ఫోన్లోనూ దొరకవు. ఆ శుక్రవారాలు ఎంత తొందరగా గడిచిపోయాయో, నవ్వుతూ కూర్చున్న మాకెవరికీ తెలియలేదు.