నా గొర్రెలు ఊరు దాటలేదు

గొర్రె చెవిలో రక్తం తాగే పిడుదు కనిపించినా తీయబుద్ధి కాని రోజున నాకేదో అయిందని తెలిసింది. మా కమలాపురం వైపు గొర్రెలున్న ఇళ్ల ఆడవాళ్లం దొడ్లోకి పోతే మా వేళ్లు ఊరుకోవు. పిడుదును పీకడం, బండ మీద పెట్టి బొటనవేలి గోటితో చిదమడం. అది చిట్లితేగానీ మాకు తృప్తి ఉండదు. ఆ పొద్దు మాత్రం దొడ్డి గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఒళ్లు కాలిపోతోంది, నడుము విరిగిపోతున్నట్టుంది.

ఊళ్లో సూది వేయించుకున్నాను. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. డెంగీ టెస్టు నెగెటివ్ అన్నారు. చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలయ్యాక మా ఆయన ఖాసిం నన్ను కడపకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ ప్లేట్‌లెట్స్ రిపోర్టు పక్కన పెట్టి, "ఏం పని చేస్తారమ్మా?" అంది. అంతదాకా ఎవరూ అడగలేదు.

"గొర్రెలు మేపుతాండాం మేడం. పిడుదులు తీస్తాంటా."

"చేత్తోనా?"

"చేత్తో గాక కాలితో తీస్తారా?"

ఆమె నవ్వలేదు. "ఐసొలేషన్‌లో పెట్టండి" అని నర్సుకు చెప్పింది. "పిడుదుల నుంచి మనుషులకు వైరస్‌లు వస్తాయమ్మా. శాంపిల్ పెద్ద ల్యాబ్‌కు పంపిస్తాం. పదిమందికి పాకకముందే పట్టుకోవాలి."

ప్లేట్‌లెట్స్ ఎక్కించారు. కాస్త తేరుకుని గంజి తాగానో లేదో, ముక్కు నుంచి రక్తం. చచ్చిపోతానని భయపడ్డాను. కోపమూ వచ్చింది. పిడుదు చేతిలో పోయిందని చెప్పుకోవడానికా నేను ఇన్నాళ్లు బతికింది?

రిపోర్టు వచ్చింది. పిడుదుల వైరసే. ఆ మాట ఊరికి చేరగానే పొరుగింటి ఓబుల్ రెడ్డన్న ఫోన్ చేశాడు. ఆయనకూ మంద ఉంది. "ఏమప్పా ఖాసిమూ, మీ గొర్రెల్ని మైదుకూరు దిక్కు తోలి అమ్మెయ్. ఊరంతా చావాల్నా?"

మా ఆయన మెత్తబడ్డాడు. అద్దం అవతల నిలబడి ఫోన్‌లో, "పోనీలేమ్మే, అమ్మేద్దాం. ఊరితో యాడ పడతాం?" అన్నాడు.

ఒక్కో పిల్లనూ సాకి పెంచుకున్న మంద అది. అయినా నా మొండితనం మమకారం వల్ల మాత్రమే కాదు. "గొర్రెలతో పాటు పిడుదులూ పోతాయి గదా. ఆడ ఇంకొక ఆడది వాటిని గోటితో చిదిమి నా మాదిరి పండుకోవాల్నా? ఒక్క గొర్రె ఊరు దాటేది లేదు. నేనే చెప్పినానని రెడ్డన్నకు చెప్పు." అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది గానీ, ప్రాణం హాయిగా ఉండింది.

డాక్టరమ్మ కూడా అదే మాట అని పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. టీమ్ వచ్చి గొర్రెల రక్తం తీసింది, పిడుదుల్ని సీసాల్లో పట్టుకుపోయింది, మందకు మందు కొట్టింది. ఊళ్లో ఇంకెవరికీ ఆ జ్వరం రాలేదు.

నేను కోలుకుని ఇంటికొచ్చినా, ఇప్పటికీ ఎక్కువ దూరం నడవలేను. మంద మాత్రం పెరిగింది. పిడుదు కనిపిస్తే గ్లవ్స్ తొడుక్కుని పట్టకారుతో తీస్తున్నాను, చిదమడం లేదు.

మొన్న ఓబుల్ రెడ్డన్న భార్యకు జ్వరం వచ్చింది. ఆయన మా గుమ్మంలో నిలబడి, "డాక్టరుతో ఏం చెప్పాల మస్తానమ్మా?" అన్నాడు.

"మీకు గొర్రెలుండాయని ముందే చెప్పన్నా. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు."

మీకూ అదే చెబుతున్నాను.

ఆయన భార్యను కూర్చోబెట్టిన ఆటో ఎక్కబోయి ఆగాడు. వెనక్కి పోయి తన దొడ్డికి తడక బిగించాడు. "నేనొచ్చేదాకా ఒక్క గొర్రెను గూడా బయటికి తోలొద్దు" అని ఇంట్లోవాళ్లకు వినబడేలా అరిచి పోయాడు.