ఏట్లో వదిలిన సీతమ్మ

ఈ పొద్దు దసరా సందడి చూద్దామని బెంగుళూరుకు వచ్చినా. డోళ్ళు, పాటలు, రంగు దీపాలు, కాలు పెట్టే సందు లేదు. ఒక బొమ్మలంగడి ముందర నిలబడిపోయినా. మా సీతమ్మ తోలుబొమ్మ ఆడ వేలాడతాంది. భుజం మీద నేను కుట్టిన ఎర్రదారం అట్లనే ఉండాది.

మాది బొమ్మలాట ఆడే ఇల్లు. పాతబడిన బొమ్మను అమ్మం, దండం పెట్టుకోని ఏట్లో వదుల్తాం. పోయినేడు మా చిత్రావతి ఏట్లో చుక్క నీళ్ళు లేవు. వానొస్తే ఏరే తీసుకుపోతాదని నాయన సీతమ్మను ఇసకలో పడుకోబెట్టి వచ్చినాడు. ఏరు రాలేదు, ఎవరో వచ్చి ఎత్తుకపోయి అమ్మినట్టుండారు.

నాయనకు ఫోన్ చేసి చెప్పినా.

“ఆయమ్మ నిన్ను చూసిందా?” అన్నాడు.

“బొమ్మ ఎట్లా చూస్తాది నాయనా?”

అని అయితే అన్నా గానీ, అంగడి దాటినాక వెనక్కి తిరిగి చూడలేదు. మీరైతే చూసుందురా?